“రేపు ఇచ్చేస్తా” అని రోజూ అబద్ధమాడుతున్నాను, ఎలా మానాలి?

అందరికీ వందనాలు. మాది తెనాలి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. తెల్లవారుజామున 5 గంటలకే లేచి ప్రార్థన చేసుకుంటాను, ఆదివారం ఆరాధన మానను. కానీ పది గంటలకి ఫోన్ మోగితే చాలు, “కుట్టేశానమ్మా, హుక్కులూ కాజాలే మిగిలాయి, రేపు రండి” అంటాను. అప్పటికి ఆ గుడ్డకి కత్తెరే తగిలుండదు. క్రిస్మస్ బట్టలు మీదపడ్డాక మరీ ఎక్కువైంది. మొన్న అలాగే చెబుతుంటే మా పాప, “అమ్మా, అది ఇంకా కవర్లోనే ఉందిగా” అంది. దానికి పదేళ్లు. ఆ రాత్రి మోకరిస్తే నోట మాట రాలేదు. మత్తయి 5:37 నాకు కంఠతా వచ్చు, అవునంటే అవును, కాదంటే కాదు. నిజం చెబితే పక్క వీధి టైలర్ దగ్గరికి పోతారని భయం. పనిలో నిజాయితీ అలవాటు చేసుకున్నవాళ్లు ఎలా చేశారో చెప్పండి.

జవాబు 1
సిస్టర్, ఫోన్ ఎత్తే ముందు కీర్తన 141:3 ఒకసారి అనుకోండి, “నా నోటికి కావలియుంచుము” అని. కోపం విషయంలో నాకు పనికొచ్చింది.

జవాబు 2
చెల్లెమ్మా, నేను ఒంగోలులో మోటార్లు వైండింగ్ చేస్తాను. ఎండాకాలం బోరు మోటారు కాలిపోతే రైతు ఆగలేడు. తెలిసీ “సాయంత్రానికి” అనేవాణ్ణి. ఒకాయన రాత్రిదాకా షాపు ముందు కూర్చుని, ఒక్క మాటనకుండా లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నోటుబుక్కు పెట్టాను. రోజుకి రెండే. మూడోది వస్తే ఎల్లుండి తేదీ వాళ్ల ముందే రాస్తాను. మొదటి నెల ఇల్లు గడవడం కష్టమైంది, అది దాచను.

జవాబు 3
అమ్మాయ్, నాకు 68 ఏళ్లు. 2 పేతురు 1:5-7 నిదానంగా చదువు. ముందు విశ్వాసం, దానికి సద్గుణం, జ్ఞానం, ఆ తర్వాత ఆశానిగ్రహం. నీ అబద్ధం ఫోన్లో పుట్టలేదు తల్లీ, కుట్టలేనని తెలిసీ ఆ గుడ్డ అందుకున్నప్పుడే పుట్టింది. వద్దనగలిగే ఆశానిగ్రహం అడుగు, వద్దన్నాక కూడా దేవుడు పోషిస్తాడనే నమ్మకం అడుగు. పాప దగ్గర ఒప్పుకున్నావా?

అడిగినవారు
లేదు పెద్దమ్మా, ఇప్పుడే ఒప్పుకున్నాను. ఇద్దరం కూర్చుని కవర్లు లెక్కపెట్టాం, 34. పండగలోపు నా వల్ల అయ్యేవి 20. పాప పేర్లు చదువుతుంటే నేను ఫోన్లు చేస్తున్నాను. ఐదుగురు వెనక్కి తీసుకెళ్తామన్నారు. ఒకావిడ “జనవరి ఒకటికైనా చాల్లే” అంది. ఇంకా ఎనిమిది మందికి చెయ్యాలి.