బాలాపూర్ క్యాంపులకు సాయం: డబ్బులా, సరుకులా?

మణికొండ_మధు: రంజాన్ లోపు బాలాపూర్ రోహింగ్యా గుడిసెలకు ఏమన్నా ఇద్దామని ఆఫీసులో అనుకున్నాం. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యుఎన్‌హెచ్‌సీఆర్‌కి నెలనెలా కట్టడం మేలా, ఇక్కడి సంస్థకా? సరుకులు ఇవ్వొచ్చా? డాలస్‌లో ఉన్న మా అన్న 50 వేలు పంపుతానంటున్నాడు, సంస్థ ఖాతాలో నేరుగా వేయొచ్చా?

పంతులమ్మ_పహాడీషరీఫ్: పాత బట్టలు మాత్రం తేకు తమ్మీ. పండగొస్తే చాలు, కార్లల్ల మూటలు తెస్తరు, ఫొటో దిగుతరు, పోతరు. హుక్కుల్లేని జాకెట్లు, చినిగిన పట్టుచీరలు. అక్కడ చీర కట్టే ఆడోళ్లు నాకైతే కనవడలే. గుడిసె జాగకు కిరాయి కట్టాలె, వానకు టార్పాలిన్ కావాలె, కాన్పుకు ఆటో కావాలె. ఇవి ఎవ్వరూ అడగరు.

లెక్కల_సుబ్బారావు: అన్నగారిది మన పాస్‌పోర్టేనా? అయితే ఆయన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే వస్తుంది. అప్పుడు సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, సొమ్ము ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని వాళ్ల ఖాతాలోనే పడాలి. 22 ఏళ్లుగా ట్రస్టుల ఆడిట్లే నా పని.

కూకట్‌పల్లి_కుర్రాడు: అంత సీను లేదు సార్. మా బాబాయి ఓసీఐ. ఊళ్లో గుడి ట్రస్టుకి లక్ష ఇచ్చాడు, ఎవరూ అడగలేదు. మధు అన్నా, నీ ఖాతాలో వేయించుకుని నువ్వే ఇచ్చెయ్.

లెక్కల_సుబ్బారావు: ఎన్ని చేతులు మారినా అది విదేశీ విరాళమేనని చట్టంలోనే రాసి ఉంది నాయనా. అడిగిన రోజున మీ బాబాయిని కాదు, ట్రస్టుని పట్టుకుంటారు.

ట్యూషన్_సెంటర్: ఆ చట్టమే మా కొంప ముంచింది. పెద్ద సంస్థకు బయటి నుంచి నిధులొచ్చేవి, అందులోంచి మాకు ఇచ్చేవారు, క్యాంపు పిల్లలకు చదువు చెప్పేవాళ్లం. 2020 సవరణతో ఆ నిధులు ఒక సంస్థ ఇంకోదానికి ఇవ్వకూడదన్నారు. నిర్వహణ ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. మా సెంటర్ మూతపడింది.

గోదారి_గాలి: మన దగ్గర పేదలు లేరా? అనుమతి లేకుండా వచ్చినవాళ్లకి చందాలేంటి?

పంతులమ్మ_పహాడీషరీఫ్: మన పేదోళ్లకు రేషన్ కార్డుంది, ఓటుంది. ఈ క్యాంపోళ్ల చేతిల ఉన్నది యుఎన్ ఇచ్చిన శరణార్థి కార్డొక్కటే. నీ జేబులకెల్లి ఎవరన్న గుంజుకున్నరా?

గోదారి_గాలి: 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకమే పెట్టలేదు. ఇక మనకేం బాధ్యత?

ట్యూషన్_సెంటర్: అందుకేగా క్యాంపు విరాళాల మీద బతుకుతోంది! ప్రభుత్వం చూసుకుంటే మధుగారు ఈ ప్రశ్న ఎందుకు వేస్తారు?

లీసెస్టర్_లక్ష్మి: ఇక్కడ సంతకం పెట్టిన బ్రిటన్‌లో చూడండి. ఆశ్రయం కోరినవాళ్లకి ప్రభుత్వం వారానికి 49 పౌండ్ల పైచిలుకు ఇస్తుంది. భోజనం పెట్టే హోటల్లో ఉంచితే పది పౌండ్లు కూడా రావు. ఏడాది దాకా పనికి అనుమతి అడగడానికే వీల్లేదు. మా ఫుడ్‌బ్యాంకులో బియ్యం పుష్కలం, వాళ్లడిగేది మాత్రం లాయర్ దగ్గరికి బస్సు చార్జీలు.

పన్ను_పీడితుడు: పన్ను మినహాయింపుకి 80జీ రసీదు ఇస్తారా?

లెక్కల_సుబ్బారావు: కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ రసీదుతో పని లేదు. పాతదైతే 2000 దాటిన నగదుకి మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారా ఇవ్వండి.

మాల్_బాధితురాలు: నెలవారీ మాట మాత్రం ఎత్తకండి. మాల్‌లో ఓ కుర్రాడు ట్యాబ్ మీద సంతకం పెట్టించుకున్నాడు, ఆపించడానికి బ్యాంకు చుట్టూ తిరిగాను.

మణికొండ_మధు: యుఎన్‌హెచ్‌సీఆర్ వాళ్లా?

మాల్_బాధితురాలు: కాదు, పేరు చెప్పను. యుఎన్‌హెచ్‌సీఆర్ అయితే దాదాపు మొత్తం విరాళాల మీదే నడుస్తుంది. 2025లో అమెరికా చెయ్యి బిగించాక ఉద్యోగుల్ని కూడా తీసేశారు. ఇవ్వాలనుంటే వాళ్ల సైటుకెళ్లి ఒక్కసారికే ఇవ్వండి.

మణికొండ_మధు: అన్నది గ్రీన్‌కార్డే, పాస్‌పోర్టు మనదే. టార్పాలిన్లు ఖాయం చేశాం. అక్కా, ఏ సైజు తేవాలి?

కూకట్‌పల్లి_కుర్రాడు: సుబ్బారావు గారూ, గుడికిచ్చింది దేవుడి సొమ్ము కదా, దానికీ ఎఫ్‌సీఆర్ఏనా?

లెక్కల_సుబ్బారావు: మతపరమైన ట్రస్టులకీ అదే చట్టం. బాబాయిని నాకు ఫోన్ చేయమను.