"నాకు అయ్యో" అన్నారా, "నాకు శ్రమ" అన్నారా?

పాస్టరేటు కార్యదర్శి:
మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘానికి రాబోయే ఐదేళ్ల పరిచర్య ప్రణాళిక రాస్తున్నాం. గుడిలో తెలుగు, తమిళ ఆరాధనలు జరుగుతున్నాయి. చుట్టూ లంబాడా తండాలు, ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. మొదటి పేజీలో డోర్నకల్ మొదటి బిషప్పు అజరయ్య గారి కాలపు మాట ఒకటి పెట్టాలని నా కోరిక. డోర్నకల్ పల్లెల్లో కొత్తగా బాప్తిస్మం పొందినవారు తలమీద చెయ్యి పెట్టుకుని చెప్పేవారు కదా, ఆ మాట. మా నాయనమ్మ నోట "సువార్త ప్రకటించకపోతే నాకు అయ్యో" అని విన్న గుర్తు. బైబిలు తీస్తే మొదటి కొరింథీ 9:16లో "నాకు శ్రమ" అని ఉంది. పాత పాఠం ఏదైనా వేరేగా ఉందా?

నిఘంటుదాసు:
"ప్రకటించకపోతే" కాదండీ, "ప్రకటింపకపోయినయెడల". గ్రాంథికంలో వ్యతిరేకార్థం వచ్చేసరికి చకారం పోయి పకారం వస్తుంది. ముందు ఆ అక్షరం సరిచేసుకోండి, తరువాత శ్రమ సంగతి చూద్దాం.

కృష్ణాతీరం:
దాసు గారూ, మాల మాదిగ పల్లెల్లో, చదువు అప్పుడప్పుడే అందుతున్న రోజుల్లో, తడి బట్టలతో నిలబడిన మనిషి "ప్రకటింపకపోయినయెడల" అని ఉంటాడా? ఉపదేశి (పల్లెలో బోధించే సంఘ సేవకుడు) చెప్పించినా రెండో మాటకే "చెప్పకపోతే" అయిపోయి ఉంటుంది.

అసలు చిక్కు "శ్రమ"లో ఉంది. బయటివాళ్లకు శ్రమ అంటే ఒళ్లు వంచి చేసే పని. "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని మొదటి పేజీలో వేస్తే, ప్రకటించకపోవడానికే ఏదో కష్టపడాలన్నట్టు చదువుకుంటారు.

వరంగల్లువాడు:
బయటివాళ్లు అని మీరు అంటున్నవాళ్లందరూ చిన్నప్పుడు గజేంద్రమోక్షం చదివినవాళ్లే. "తనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్". ఒళ్లు అలిసిపోయిందని "డస్సెన్"తోనే చెప్పేశాడు. మళ్లీ శ్రమ ఎందుకు? అది అలసట కాదు, ఆపద. "లావొక్కింతయు లేదు" దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే జారవిడుచుకుంటూ వచ్చినవాడు చివరికి పలికిన మాట. బైబిలు శ్రమా ఇదే.

పైగా పోతన గారిది బమ్మెర. డోర్నకల్‌తో కలిపి అంతా పాత వరంగల్లు జిల్లాయే. ఆ నేలలో శ్రమ అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

పాతప్రతి:
బైబిలు తెలుగు బమ్మెరలో పుట్టలేదండీ. ఆ పని విశాఖపట్నంలో మొదలైంది, ఆనందరాయరు వంటి పండితులు తోడ్పడగా. తొలి సువార్తలు 1812లోనే అచ్చయ్యాయి. అజరయ్య గారు బిషప్పు అయ్యింది సరిగ్గా నూరేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో.

కార్యదర్శి గారి నాయనమ్మను తీసిపారేయకండి. అజరయ్య గారి మాతృభాష తమిళం, ఊరు తిరునల్వేలి ప్రాంతం. తమిళ బైబిల్లో ఇదే వచనం "ఎనక్కు ఐయో" అని ముగుస్తుంది. ముక్కస్య ముక్క "నాకు అయ్యో". ఆయన తెలుగు పెద్దయ్యాక నేర్చుకున్నారు. చెవిలో ఉన్న వచనం నోటికి రాకుండా ఉంటుందా?

నిఘంటుదాసు:
ఊహ బాగుంది. కానీ "నాకు అయ్యో" తెలుగు కాదు. అయ్యో అనేది అవ్యయం, దాని ముందు "కు" విభక్తి ఎలా నిలుస్తుంది?

కృష్ణాతీరం:
నిలిచింది. ప్రకటన గ్రంథం 8:13: "భూనివాసులకు అయ్యో, అయ్యో, అయ్యో". తరువాతి అధ్యాయంలోనే "మొదటి శ్రమ గతించెను". మూలంలో రెండు చోట్లా ఒకే గ్రీకు మాట. కొరింథీ వచనంలో అయ్యో, శ్రమ రెండూ వేశారు. దేన్నీ వదులుకోవడానికి మనసొప్పలేదు కాబోలు.

గోదావరి గట్టు:
మీరందరూ నోటినే చూస్తున్నారు, చేతిని వదిలేశారు. తలమీద చెయ్యి పెట్టి, "ఫలానాది చేయకపోతే నాకు ఫలానా కీడు" అంటే మన ఊళ్లలో దాన్ని ఒట్టు అంటారు. ఒట్టులో చివరి మాటకు నిఘంటువు అర్థం అక్కర్లేదు. కాకపోతే ఒట్టు పిల్లల తలమీద వేస్తారు. తన తలమీద తానే చెయ్యి పెట్టుకున్నవాడు నాకు తెలిసి భస్మాసురుడు ఒక్కడే.

పాతప్రతి:
హస్తనిక్షేపణం ఉండగా భస్మాసురుడు ఎందుకండీ? గురువుగా, అంటే పాదిరిగా, అభిషేకించేటప్పుడు బిషప్పు తలమీద చేతులు ఉంచుతారు. ఇక్కడ కూలి మనిషి తన చేతినే తన తలమీద ఉంచుకుంటున్నాడు. సువార్త చెప్పే పని గురువులకే కాదు, నీకూ ఉందని అర్థం. ఏటా ఒక వారం పల్లె సంఘాలే పొరుగు కులాల వాకిళ్లకు వెళ్లి సాక్ష్యం చెప్పే పద్ధతి డోర్నకల్ డయోసీసుదే (అంటే ఆ బిషప్పు కింది సంఘాలన్నిటిదీ). ఆ డయోసీసు రెండు లక్షల మందిని దాటిందంటే మిషనరీ దొరల బడుల వల్లనే కాదు.

కార్యదర్శి గారి ప్రణాళికకు పనికొచ్చేది ఈ చెయ్యి. శ్రమ, అయ్యో తరువాత.

పాస్టరేటు కార్యదర్శి:
ధన్యవాదాలు. కమిటీలో ఒకాయన అప్పుడే అడిగారు, ఒడియా కుటుంబాలకు ఈ వాక్యం ఎవరు చదివి వినిపిస్తారని. శనివారం అచ్చుకు ఇవ్వాలి. "శ్రమ" వేయమంటారా, "అయ్యో" వేయమంటారా?

నిఘంటుదాసు:
ఏది వేసినా "ప్రకటింపక" వేయండి.

గోదావరి గట్టు:
ఒడియా వాళ్లతో మొదటి పేజీ వాళ్ల లిపిలో రాయించండి. మన తగవు వాళ్లకు అంటకుండా ఉంటుంది.

వరంగల్లువాడు:
"శ్రమంబయ్యెడిన్"కు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

సీమ చదువరి:
ఆలస్యంగా చూశాను. పోతన గారిది బమ్మెర అని పైన ఎవరో తేల్చి పారేశారు. ఆయనది మా కడప జిల్లా ఒంటిమిట్ట అనే వాదం ఉంది కదా, ఆ మాట ఎత్తకుండా ఆ వాక్యం ఎలా రాశారు?

వరంగల్లువాడు:
రండి, వేరే చర్చ తెరుస్తున్నాను.