ఈ శీతాకాలం మంచు నిజంగానే తక్కువ పడిందా, మా కొలతలోనే పొరపాటు ఉందా?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. పొగమంచుకూ, తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే మంచుకూ, ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలే మంచుకూ మనం ఒకే మాట వాడతాం కనుక, నేను అడుగుతున్నది ఈ మూడోదాని గురించేనని ముందే మనవి చేస్తున్నాను. వాతావరణం మీద ఆసక్తి ఉన్న మేము నలుగురు మిత్రులం ఐదేళ్లుగా మా ప్రాంతంలో పడే మంచును కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంటున్నాం. ఈసారి మొత్తం 31 సెంటీమీటర్లే తేలింది, అధికారిక సగటు చూస్తే 58. రోజూ ఉదయం ఎనిమిదింటికి పెరట్లో గడ్డి మీద స్కేలు నిలబెట్టి కొలవడం మా పద్ధతి. ఫోన్‌లో పది రోజుల ముందు 20 సెంటీమీటర్లు పడుతుందని ఊరించిన పటం, రోజు దగ్గర పడేకొద్దీ తగ్గుతూ వచ్చి చివరికి చిరుజల్లుగా మిగిలింది. ఇలా మూడుసార్లు జరిగింది. మా లెక్క సరైనదేనా, లోటుకు కారణం మాకు మేముగా తెలుసుకొనే మార్గం ఉందా, ఆ పటాలను ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి నా సందేహాలు.

మొదటి సమాధానం:
ముందు కొలత సంగతి చూద్దాం, ఎందుకంటే అది తేలకుండా మిగతావి చర్చించి ప్రయోజనం లేదు. గడ్డి మీద కొలవడం మానండి. గడ్డిపోచలు మంచును పైకి ఎత్తి పట్టుకోవడం వల్ల అడుగున ఖాళీ ఏర్పడి, స్కేలు లేని మంచును కూడా చూపిస్తుంది. సుమారు 40 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ పలకకు తెల్లరంగు వేసి, చెట్లకూ గోడలకూ దూరంగా చదునైన చోట పెట్టండి. మంచులో కప్పుకుపోయినా కనిపించేలా పక్కన ఒక కర్ర పాతండి. కొలిచిన ప్రతిసారీ పలకను తుడిచి, కొత్త మంచు ఉపరితలానికి సమానంగా మళ్లీ అమర్చండి.

ఇక వేళ విషయం. మంచు పడుతూనే తన బరువుకు తానే కుంగుతుంది, నేల వెచ్చగా ఉంటే అడుగు నుంచి కరుగుతుంది కూడా. రాత్రి రెండింటికి పడి ఆగిన 3 సెంటీమీటర్ల మంచు ఉదయం ఎనిమిదింటికి ఒక సెంటీమీటరే మిగలవచ్చు. చలి సరిగా లేని ఏడాదిలో ఈ నష్టం మరీ ఎక్కువగా ఉంటుంది కనుక, మీ పద్ధతి ఒకవైపు గడ్డి వల్ల ఎక్కువ, మరోవైపు ఆలస్యం వల్ల తక్కువ చూపిస్తూ ఉండి ఉంటుంది. మంచు ఆగిన వెంటనే కొలవడం ఉత్తమం. అలాగని గంటగంటకూ కొలిచి కూడితే కుంగడానికి వ్యవధి లేక మొత్తం అన్యాయంగా పెరుగుతుంది. 1997 జనవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటేగ్‌లో 24 గంటల్లో 77 అంగుళాలు పడినట్టు నమోదైనా, ఆ వ్యవధిలో నిబంధనకు మించి ఆరుసార్లు కొలిచి కూడిన కారణంగా దాన్ని జాతీయ రికార్డుగా అంగీకరించలేదు. 1921లో కొలరాడోలోని సిల్వర్ లేక్‌లో నమోదైన 75.8 అంగుళాలే అప్పటికి రికార్డుగా నిలిచాయి. రోజుకు నాలుగుసార్లకు మించకుండా, ఆరు గంటల ఎడంతో కొలిస్తే చాలు.

పుస్తకంలో మూడు గడులు వేరుగా ఉంచండి: కొత్తగా పడిన మంచు, నేల మీద ఉన్న మొత్తం మందం, కరిగిస్తే వచ్చే నీరు. మూడోది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అదే ముఖ్యం. చలికాలంలో వర్షమాపకం పైగరాటునూ లోపలి గొట్టాన్నీ తీసేసి, వెలుపలి పాత్రను మాత్రమే బయట ఉంచండి. మంచు ఆగాక లోపలికి తెచ్చి, ముందుగా కొలిచిన గోరువెచ్చని నీటిని పోసి కరిగించి, మొత్తం నీటిలోంచి మీరు పోసిన నీటిని తీసివేయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలండి. మొన్న రాత్రి పలకనూ గడ్డినీ పక్కపక్కనే పరీక్షించాం. మంచు ఆగగానే కొలిస్తే గడ్డి మీద 4.5 సెంటీమీటర్లు, పలక మీద 3 వచ్చింది. టార్చిలైటు వెలుగులో చూస్తే గడ్డిపోచల కింద ఖాళీ స్పష్టంగా కనిపించింది. కరిగిస్తే 4.2 మిల్లీమీటర్ల నీరు వచ్చింది. పది సెంటీమీటర్ల మంచు కరిగితే ఒక సెంటీమీటరు నీరు, అంటే పదికి ఒకటి రావాలని విన్నాం, ఇది ఏడుకు ఒకటే కదా, మళ్లీ ఎక్కడైనా తప్పామా?

రెండవ సమాధానం:
తప్పలేదు, పైగా మీ రెండో ప్రశ్నకు జవాబు సగం దొరికింది. పదికి ఒకటి అన్నది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. తడి మంచుకు ఈ నిష్పత్తి ఐదు దగ్గర ఉండవచ్చు, గట్టి చలిలో పడే పొడి మంచుకు ఇరవై కూడా దాటవచ్చు. మేఘంలో సుమారు మైనస్ 12 నుంచి మైనస్ 18 డిగ్రీల మధ్య కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న స్ఫటికాలు ఏర్పడి, వాటి నడుమ గాలి ఎక్కువగా నిలుస్తుంది. 1936లో ప్రయోగశాలలో తొలిసారి మంచు స్ఫటికాన్ని పెంచిన జపాన్ శాస్త్రవేత్త నకాయా ఉకిచిరో, స్ఫటికం ఆకారం ఉష్ణోగ్రతనూ తేమనూ బట్టి మారుతుందని చూపించారు. మీకు ఏడు వచ్చిందంటే కిందికి వచ్చేసరికి గాలి సున్నాకు దగ్గరగా ఉండి, రేకలు సగం తడిసి ఒకదానికొకటి అంటుకొని పడ్డాయని అర్థం చేసుకోవచ్చు.

మంచు లోటు రెండు రకాలు. చలి ఉన్నా అసలు మేఘాలే కురవకపోవడం ఒకటి. కురవాల్సినంతా కురిసినా అది వానగా పడటం రెండోది. మీ ప్రాంతపు శీతాకాలపు మొత్తం అవపాతాన్నీ, అంటే వాననూ కరిగిన మంచునూ కలిపి, సగటుతో పోల్చండి. అది సగటుకు దగ్గరగా ఉండి మంచు మాత్రమే తగ్గితే దోషం వెచ్చదనానిది. అప్పుడు కురిసిన రోజులను విడిగా తీసి, ఆ వేళల తడిబల్బు ఉష్ణోగ్రతను, అంటే బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకెను రాయండి. మామూలు థర్మామీటరు 2 డిగ్రీలు చూపినా గాలి పొడిగా ఉంటే, రాలే రేకల నుంచి ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది కనుక మంచు మంచుగానే నేలకు చేరవచ్చు. తేమగాలిలో అదే 2 డిగ్రీల దగ్గర వానే పడుతుంది.

ఇంకొకటి, ఆ 58 అన్న అంకె మీద నాకు చిన్న అభ్యంతరం ఉంది. అధికారిక సగటు సాధారణంగా 1991 నుంచి 2020 వరకు ముప్పై ఏళ్ల అంకమధ్యమం. ఒక్క పెద్ద తుఫాను ఏడాది దాన్ని పైకి లాగేస్తుంది. ఉదాహరణకు ఐదు శీతాకాలాల్లో 20, 30, 35, 45, 170 పడితే అంకమధ్యమం 60, మధ్యగతం (వరుసగా పేర్చితే నడుమ నిలిచే అంకె) 35. అంటే ఐదింటిలో నాలుగు ఏళ్లు “సగటు కన్నా తక్కువ” అనిపించుకుంటాయి. ప్రతి ఏడాదీ నిరాశ పడేవాళ్లలో సగం మంది ఈ అంకె చేతిలో మోసపోయినవాళ్లే. మధ్యగతంతో పోల్చి చూడండి, మీ 31 అంత దీనంగా కనిపించకపోవచ్చు.

మూడవ సమాధానం:
పటాల గురించి నేను చెబుతాను, నేనూ ఆ ఆశల్లో చాలా రాత్రుళ్లు జాగారం చేసినవాణ్ణే. మంచు మందం చూపే పటాల్లో చాలావరకు పదికి ఒకటి అన్న నిష్పత్తినే గుడ్డిగా వాడతాయి, కొన్ని వానతో కలిసి పడే మంచును కూడా పూర్తి మంచుగా లెక్కకడతాయి, నేల మీద పడ్డాక కరిగేది తీసివేయవు. ఈ మూడూ మీలాంటి వెచ్చని శీతాకాలంలో ఒకే దిక్కుకు, అంటే ఎక్కువ చూపడం వైపే మొగ్గుతాయి. అందుకే మీకు మూడుసార్లూ ఒకే అనుభవం ఎదురైంది.

పది రోజుల ముందు ఒక్క మోడల్ (వాతావరణాన్ని ముందుగా లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) ఒక్క పరుగు చూపే సెంటీమీటర్లకు విలువ ఇవ్వవద్దు. ప్రారంభ స్థితిని కొద్దికొద్దిగా మార్చి అదే మోడల్‌ను అనేకసార్లు నడిపే ఎన్‌సెంబుల్ పద్ధతిని చూడండి; యూరప్ వాతావరణ అంచనా కేంద్రం వారిది 51 పరుగులు, అమెరికా వారి మోడల్ జీఎఫ్‌ఎస్‌ది 31. వాటిలో ఎన్నింటిలో మంచు ఉందో లెక్కించండి. 51లో 6 మాత్రమే చూపితే ఆ రోజుకు సెలవు చీటీ రాయకండి. మూడు రోజుల్లోపుకు వచ్చాక అల్పపీడనం దారిని గమనించండి, ఎందుకంటే అది వంద కిలోమీటర్లు జరిగినా మీరు మంచువైపు నుంచి వానవైపుకు మారిపోవచ్చు. నేల దగ్గర సున్నా ఉన్నంత మాత్రాన చాలదు, కిలోమీటరున్నర ఎత్తున పలుచని వెచ్చని పొర ఉన్నా రేకలు అక్కడే కరిగిపోతాయి.

నాల్గవ సమాధానం:
ఇంత శ్రమ ఎందుకండీ, జనవరిలో ధ్రువ సుడిగాలి, అంటే ధ్రువం మీద పైఎత్తున తిరిగే చలిగాలుల సుడి, చెదరలేదు కనుక చలి రాలేదు, అంతే కదా?

మూడవ సమాధానం ఇచ్చినవారు:
ధ్రువం మీద స్ట్రాటోస్ఫియర్ (మేఘాలుండే పొరకు పైనున్న గాలిపొర) హఠాత్తుగా వేడెక్కి ఆ సుడి చెదిరితే చలి కిందికి దిగే అవకాశం పెరుగుతుందన్న మాట నిజమే. 2018 ఫిబ్రవరిలో అలా జరిగాకే నెలాఖరున యూరప్ గడ్డకట్టింది. అయితే చెదిరిన ప్రతిసారీ చలి నేలకు దిగదు, దిగినా మీ ప్రాంతానికే రావాలన్న నియమం లేదు. అది కారణాల్లో ఒకటి కావచ్చు, మీ పుస్తకంలోని లెక్కకు బదులు మాత్రం కాలేదు.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పినట్టు లెక్క తీశాం. మొత్తం అవపాతం సగటులో 96 శాతం ఉంది, సగటు ఉష్ణోగ్రత 2.1 డిగ్రీలు ఎక్కువ ఉంది. కురిసిన 19 రోజుల్లో 12 రోజులు తడిబల్బు ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైనే ఉంది. మేఘాల మీద నెల రోజులుగా మేము వేసిన నిందలన్నీ వెనక్కి తీసుకుంటున్నాం. చివరి సందేహం ఒకటి: గడ్డి మీద కొలిచిన పాత ఐదేళ్ల అంకెలను ఇప్పుడు సరిచేసి రాసుకోవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
వద్దండి. ఒక్క రాత్రి పరీక్షలో వచ్చిన తేడాతో ఐదేళ్లను దిద్దకూడదు, పొడి మంచు రోజు ఆ తేడా వేరుగా ఉంటుంది. పాత అంకెలను అలాగే ఉంచి, ఈ తేదీ దగ్గర ఎర్రసిరాతో అడ్డగీత గీసి, “ఇక్కడి నుంచి పలక” అని రాయండి. వచ్చే శీతాకాలమంతా వీలైనప్పుడల్లా గడ్డి మీదా పలక మీదా రెండూ కొలవండి, దిద్దడం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.