సమస్య: "ఏడు కంటె నొకటి యెక్కువయ్యె"

అమలాపురం మాస్టారు (2014 జూలై 9, ఉదయం):
రాత్రి నిద్ర లేదు, అందుకే సమస్య ఆలస్యం. బ్రెజిల్, జర్మనీల ప్రపంచకప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ మొదలైందే ఒకటిన్నరకి. ఇంట్లో లేస్తారని టీవీ గొంతు నొక్కేసి కూర్చున్నాను. 11వ నిమిషంలో ముల్లర్ ఒకటి వేశాడు. సరే, బ్రెజిల్ కదా, తిరగబడతార్లే అనుకుని టీకి పాలు పెట్టాను. 23వ నిమిషంలో క్లోజా రెండోది వేయగానే వంటింట్లోకి వెళ్లి, గిన్నె దింపి, వడగట్టుకొచ్చేసరికి జర్మనీ ఆటగాళ్లు మళ్లీ కౌగిలించుకుంటున్నారు. ఇందాకటిదే మళ్లీ చూపిస్తున్నారనుకున్నా. తెర మూల అంకె చూస్తే 5-0! గ్లాసు అలాగే చల్లారిపోయింది.

చివరికి 7-1. ఆ ఒక్కటీ బ్రెజిల్ ఆటగాడు ఆస్కర్ ఆఖరి నిమిషంలో వేసింది. సొంతగడ్డ మీద పోటీ మ్యాచ్‌లో బ్రెజిల్ ఇంతకుముందు ఓడింది 1975లో, పెరూ చేతిలో. అదీ ఈ బెలో హొరిజొంటె మైదానంలోనే.

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. పూరించండి. ముందు నాది:

గోలు గోలు గోలు గోలగోలైపోయె
పాలు పొంగు లోన పడెను నాల్గు
ఆఖరి నిమిషాన నాస్కరు వేయగా
ఏడు కంటె నొకటి యెక్కువయ్యె

నరసాపురం పంతులు:
మొదటి పాదం నోట్లో ఆడుతోంది మాస్టారూ. 23 నుంచి 29 దాకా ఆరు నిమిషాల్లో నాలుగు, లెక్కా సరిపోయింది. కానీ "నాల్గు ఆఖరి" ఏమిటండీ, సంధి కలపకుండా అచ్చు పక్కన అచ్చు? పిల్లలు చేస్తే విసంధి అని ఎర్ర సిరా పూస్తారు కదా మీరు. మూడో పాదం చివర మాత్రం వదిలేస్తున్నా.

అమలాపురం మాస్టారు:
అక్కడ తప్పు నాదే, అచ్చుతో మొదలయ్యే సమస్య ఇచ్చాను. మూడో పాదం ఇలా దిద్దుకుంటున్నా: "చివరి నిమిషమందు చేర్చగా నాస్కరు". నిద్రమత్తు, ఆయ్.

రాజోలు కుర్రాడు:
మాస్టారూ, మొదటిసారి రాస్తున్నాను. పసుపు చొక్కా ఇంకా విప్పలేదు. జాతీయగీతం అప్పుడు, గాయపడి ఆటకి దూరమైన నేమర్ చొక్కాని డేవిడ్ లూయిజ్ వాళ్లు పట్టుకుని నిలబడ్డారు చూశారా, అప్పుడే నాకు ఏడుపొచ్చేసింది.

నేమరుంటె నిన్న నెగ్గేది మనవాళ్లె
వెన్నుపూస విరిగి మంచమెక్కె
నొకని లేమి వచ్చి యుప్పెనై ముంచెరా
ఏడు కంటె నొకటి యెక్కువయ్యె

నరసాపురం పంతులు:
బాబూ, మూడో పాదం మన సముద్రపొడ్డు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఉప్పెన అన్న మాట ఎక్కడ పడాలో అక్కడ పడింది. రెండో పాదంలో యతి పోయింది. "వె"కి "మం" కుదరదు. "వెన్నుపూస విరిగి వెనుక నుండె" అని చూడు. ఇక విషయానికొస్తే, నేమరుంటే నాలుగు వేసేవాడేమో గానీ ఏడు ఆపేవాడా? రాత్రి లేనిది ఒకడు కాదు, ఇద్దరు. కొలంబియా మ్యాచ్‌లో ఇంకో పసుపు కార్డు తిని, వెనక గోల్ కాచే కెప్టెన్ థియాగో సిల్వా కూడా నిషేధంతో బయటే కూర్చున్నాడు. గోడ లేని పెరడు అయిపోయింది.

రాజోలు కుర్రాడు:
ఇద్దరంటే నా పద్యం పోతుందండీ.

కోటిపల్లి అత్తయ్య:
నాకు బంతాట తెలీదు. మావాడు పొద్దుట్నుంచి అన్నం ముట్టలేదు, దాంతో తెలిసింది. నాకు ఏడంటే గోదారి పాయలే.

పాయలేడు గాగ పారెడు గోదారి
లంకవారు జడిసి లబలబమన
నిండి యేడు పొర్లి నిలువెల్ల నేకమై
ఏడు కంటె నొకటి యెక్కువయ్యె

ఏడు పాయలని పురాణంలో చెబుతారు గానీ కంటికి కనిపించేవి గౌతమి, వసిష్ఠ, వైనతేయ. వరదొస్తే అదీ ఉండదు, అంతా ఒకటే నీరు. ధవళేశ్వరంలో 11.75 అడుగులు దాటితే ఒకటో నంబరు హెచ్చరిక ఇస్తారు. రెండు, మూడు దాకా ఎందుకు, లంకలో వాళ్లకి ఆ ఒకటి చాలు గొడ్లు విప్పడానికి.

అమలాపురం మాస్టారు:
మైదానం నుంచి ఏటిగట్టు మీదికి లాక్కొచ్చేశారమ్మా. ఇప్పటిదాకా సమస్యను అసలైన అర్థంలో విడదీసింది మీరొక్కరే. "నిలువెల్ల" కొంచెం పాదం నింపడానికి వచ్చినట్టుంది, అంతే.

పాలకొల్లు వాణి:
నేను పాత లెక్క తీస్తున్నాను.

ఒక్క గోలు విడిచి యోడిన బార్బోస
బతుకు నిండ మోసె బరువు తానె
నిన్న పడినవన్ని నీటిపై రాతలే
ఏడు కంటె నొకటి యెక్కువయ్యె

రాజోలు కుర్రాడు:
బార్బోస ఎవరండీ?

పాలకొల్లు వాణి:
బ్రెజిల్ గోల్‌కీపర్ తమ్ముడూ. 1950 జూలై 16, మరకనా మైదానంలో ప్రపంచకప్ ఆఖరి మ్యాచ్. ఉరుగ్వేతో డ్రా చేసుకున్నా కప్పు బ్రెజిల్‌దే. ముందు గోలు వేసింది కూడా బ్రెజిలే. ఉరుగ్వే తరఫున స్కియాఫినో సమం చేశాడు, 79వ నిమిషంలో ఘిజియా గోల్‌స్తంభం పక్కనుంచి కొట్టేశాడు. 2-1. అంతే, ఊరంతా ఆ కీపర్ మీద పడింది. 2000లో పోయేదాకా ఆ మాట ఆయన్ని వదల్లేదు. అప్పటి తెల్ల చొక్కాలు కూడా అచ్చిరాలేదని మార్చేశారు. నువ్వు విప్పనంటున్న పసుపు చొక్కా ఆ ఓటమి తర్వాత పుట్టిందే.

నరసాపురం పంతులు:
అమ్మా, బార్బోసకు పడ్డవి రెండు కదా? "ఒక్క గోలు" అంటే ఎలా?

పాలకొల్లు వాణి:
మొదటిదాన్ని ఎవరు గుర్తుపెట్టుకున్నారండీ? డ్రా చాలు కాబట్టి ప్రాణం తీసింది రెండోదే.

నరసాపురం పంతులు:
ఒప్పుకున్నాను. "యోడిన" యతి కూడా చక్కగా కూర్చుంది. కాకపోతే నీటిపై రాతలంటే నేను ఒప్పుకోను. గ్యాలరీలో కప్పు బొమ్మ గుండెకి హత్తుకుని నిలబడ్డ పెద్దాయన్ని చూశాను రాత్రి. ఆయన మర్చిపోతాడా?

పాలకొల్లు వాణి:
ఆయన మర్చిపోడు. కానీ ఏడు పడ్డప్పుడు తిట్టు పదకొండు మందికీ, కోచ్ స్కొలారికీ పంచుకుపోతుంది పంతులుగారూ. ఒక్కటి పడితే ఒక్కడి నెత్తినే. నేను చెప్పింది అది.

అమలాపురం మాస్టారు:
ఇవాళ్టి తాంబూలం వాణిగారికి. ఈ సమస్య ఇచ్చేటప్పుడు ఊరట గోలు తప్ప నాకు ఇంకోటి తట్టలేదు, నిజం చెప్పాలంటే. రాజోలు బాబు దిద్దిన పాదంతో మళ్లీ పెట్టాలి.

రాజోలు కుర్రాడు:
"వెన్నుపూస విరిగి వెనుక నుండె". పెట్టానండీ. రాత్రికి అర్జెంటీనా, నెదర్లాండ్స్. చూస్తారా మాస్టారూ?

అమలాపురం మాస్టారు:
చూస్తాను. టీ మాత్రం ముందే కాచి ఫ్లాస్కులో పోసుకుంటా.