అప్‌డేట్: మళ్లీ మళ్లీ వచ్చిన చీము పొక్కులకి మూలం ముక్కులో దొరికింది

తొడల మీద, మెడ వెనక వెంట్రుకల కుదుళ్ల దగ్గర చీము పొక్కులు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయని, మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడినా అంతేనని ఇంతకుముందు అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్. ఇప్పటికి నాలుగు నెలలైంది, కొత్త పొక్కు ఒక్కటీ రాలేదు.

ఈసారి చర్మ డాక్టరు మాత్రలు రాసే ముందు పొక్కులోని చీముని, ముక్కు లోపల తీసిన స్వాబ్‌ని కల్చర్ టెస్టుకి (అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) పంపారు. రెండింట్లోనూ స్టెఫైలోకాకస్ ఆరియస్ వచ్చింది. ఈ బ్యాక్టీరియా చాలామంది ముక్కులో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుందట. మాత్రలతో నా పొక్కులు మానేవి, ముక్కులో మాత్రం అది అలాగే ఉండి, చేతుల మీదుగా మళ్లీ చర్మానికి చేరేది. ఈ సంగతి ముందే తెలిసుంటే ఎంత టెన్షన్ తప్పేదో!

ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రెండు ముక్కు రంధ్రాల్లో రోజుకి 2 సార్లు, 5 రోజులు రాశాను. ఆ రోజుల్లోనే క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం (కళ్లలోకి, చెవుల్లోకి అస్సలు పోనివ్వకూడదు). తువ్వాళ్లు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికాం. రేజర్ మానేసి ట్రిమ్మర్ వాడుతున్నాను.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇలాంటి పొక్కులన్నీ బ్యాక్టీరియావి కావు. ఛాతీ, వీపు మీద ఒకే సైజులో, బాగా దురదగా వస్తే మలాసీజియా అనే ఫంగస్ కావచ్చు. దానికి యాంటీబయాటిక్ వాడితే ఇంకా పెరగొచ్చు. పాత చీటీ చూపించి మందు కొనుక్కోకండి, ముందు టెస్టు చేయించమని అడగండి.