నాయినకు 59 నిండకముందే పట్టా మార్పించుకోవాలా? మీరేమంటారు

సాగర్_ఎడమకాల్వ:
మాది హాలియా దగ్గర పల్లె. నాగార్జున సాగర్ ఎడమ కాల్వ కింద ఆరెకరాల వరి పొలం. తాతల నాటిది కాదు, నాయిన కష్టపడి కొన్నది, పట్టా ఆయనదే. ఆయనకు 58 నడుస్తోంది. నేను హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, పెళ్లయింది, ఒక పాప. చెల్లెను సూర్యాపేట దిక్కు ఇచ్చాం. పట్టా ఉన్న రైతు చనిపోతే ఇంటివాళ్లకు సర్కారు ఇప్పించే రైతు బీమా 59 ఏళ్ల వరకే, ఆ తర్వాత అయిదు లక్షలు పోయినట్టే, ఈలోపే పట్టా నీ పేరు మీద చేయించుకో అని మా బాబాయి ఒకటే పోరు. 2018లో ఆ బీమా వచ్చినప్పటి నుంచి మా ఊర్లో చాలామంది అట్లనే మార్చుకున్నారు కూడా. నాయిన అవుననడు, కాదనడు. "సూద్దాం తీ" అంటాడు. ఇంటి లెక్కలన్నీ ఆయన చేతిలోనే. అప్పు ఎంతుందో నాకు తెలియదు, నెలనెలా పైసలు పంపేది మాత్రం నేనే. మార్పించుకోవడం కరెక్టేనా?

పాత_క్యాషియర్ (నల్లగొండ):
తొందరపడొద్దు బాబూ. చాలా ఏళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నాను. పెన్షన్ రోజు వచ్చే ముసలాళ్లలో భూమి రాసిచ్చినవాళ్లెవరో, రాసివ్వనివాళ్లెవరో మొహం చూస్తే తెలిసేది.

రాసిచ్చినా చట్టం ఉంది కదా అంటారు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉన్న మాట నిజమే. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించమని ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు పోవచ్చు. కానీ ఆ సెక్షన్ సీనియర్ సిటిజన్లకు, అంటే 60 నిండినవాళ్లకు. 58లో రాసిచ్చిన మనిషి దాన్ని పట్టుకుని వెళ్తే ముందు అక్కడే వాదన మొదలవుతుంది. షరతు లేకుండా ఊరికే ఇచ్చిన గిఫ్టుకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025లో కొంచెం ఉదారంగా చూసింది గానీ, కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఆ వయసులో ఎవరికుంది? బాబాయి తొందర చూస్తుంటే, సరిగ్గా ఆ రక్షణ మొదలయ్యే వయసుకు ముందే మీ నాయిన చేతులు ఖాళీ చేయించేలా ఉన్నాడు.

పాలమూరోడు:
సార్ మాట వింటే కొడుకులందరూ దొంగలే అనిపిస్తుంది. రెండో దిక్కు కూడా వినండి. మాది నారాయణపేట వైపు. మా తాత పోయేదాకా పట్టా, పెట్టె తాళం రెండూ ఆయన దగ్గరే. మా నాయిన బొంబాయి, పుణె తిరిగి మట్టి పని చేసి తెచ్చిన పైసలు తాత చేతిలో పోసి, మళ్లీ బస్సు కిరాయికి ఆయన్నే అడిగేవాడు. పంట లోన్‌కు పట్టా కావాలి. పట్టా ఉన్న తాతేమో బ్యాంకు గడప తొక్కడు. అందుకని విత్తనాలకు కూడా రెండు రూపాయల మిత్తికి తెచ్చాం. ఇయ్యాల టైముకు కడితే మూడు లక్షల వరకు పంట లోన్‌కు ఏడాదికి నూటికి నాలుగు రూపాయలు. బయట రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు. మధ్యలో ఉన్న ఆ ఇరవై తాత పెద్దరికానికి మేం కట్టిన కిరాయి. నాయిన చేతికి భూమి వచ్చేసరికి ఆయనకే యాభై దాటింది. చేసే వయసులో ఇయ్యని భూమి తర్వాత ఎందుకు?

బత్తాయి_తోట:
పాలమూరు అన్నా, మీ నాయిన దున్నేవాడు. ఈ తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, పొలం దున్నేది వాళ్ల నాయినే. రెండూ ఒకటెట్లయితయ్?

ఇంకో సంగతి, బాబాయికి అసలు అర్థమైందో లేదో. తమ్మీ, పట్టా నీ పేరు మీదకు వస్తే రైతు బీమా నీ ప్రాణానికి. 59 దాటిన నాయినకు ఏమైనా అయితే అప్పుడూ పైసా రాదు. నీకేమైనా అయితేనే ఆ అయిదు లక్షలు వస్తాయి. జీతం తెచ్చేది నువ్వు ఒక్కడివి, చిన్న పాప ఉంది, సిటీలో బండి మీద తిరుగుతావు. అయిదు లక్షలు ఏ మూలకు? ముందు నీ పేరు మీద గట్టి టర్మ్ పాలసీ, అంటే నువ్వు పోతే ఇంటికి పెద్ద మొత్తం వచ్చే బీమా, ఉందా చెప్పు. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలు కట్ అయ్యే జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్ష బీమా అయినా ఉన్నాయా? ఆ 20 రూపాయలది మీ నాయినకూ 70 ఏళ్ల వరకు ఇస్తారు, యాక్సిడెంట్‌లో పోతే రెండు లక్షలు. పొలంలో కరెంటు మోటార్లతో పని చేసే మనిషికి అది ఇంకా లేకపోతే రేపే పెట్టించు.

సాగర్_ఎడమకాల్వ:
టర్మ్ పాలసీ లేదన్నా. ఆఫీసులో గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది, ఉద్యోగం మారితే అదీ ఉండదు. నా మీద ఇంతమంది బతుకుతున్నారని ఆ దిక్కు నుంచి నేనెప్పుడూ చూడలేదు.

సూర్యాపేట_కోడలు:
తాత, నాయిన, కొడుకు, బాబాయి. ఇందరి ముచ్చట వచ్చింది, అమ్మ మాట ఒక్కరూ ఎత్తలేదు. తమ్ముడూ, మీ అమ్మ వయసెంత? యాభై ఒకటో రెండో అయితే పట్టా ఆమె పేరు మీద చేయించండి. సర్కారు ఎకరాల లెక్కన ఇచ్చే రైతు భరోసా పైసలు ఆమె ఖాతాలో పడతాయి, రైతు బీమా ఆమెకు ఇంకా కొన్నేళ్లు నడుస్తుంది. నాయిన కొడుకు మొహం చూడాల్సిన పని లేదు. రేపు ఆమె వీలునామా రాయకుండా పోయినా భర్తకు, కొడుక్కు, కూతురికి సమానంగా వస్తుంది. మీ చెల్లె పేరు కూడా అప్పుడు లెక్కలోకి వస్తుంది, ఇప్పటిదాకా పెళ్లి చేసి ఇచ్చాం అన్నంత వరకే ఉంది.

నాయిన కొన్న భూమి కాబట్టి ఆయన ఇష్టం. అదే తాతల నాటిదైతే హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత మీ చెల్లెకూ పుట్టుకతోనే మీతో సమాన వాటా, 2020లో సుప్రీంకోర్టు అది మళ్లీ తేల్చి చెప్పింది. కట్నం ఇచ్చాంగా అని మాత్రం అనకండి. నాకు మా అన్న అదే చెప్పాడు, సంతకం కూడా పెట్టించుకున్నాడు.

పాత_క్యాషియర్ (నల్లగొండ):
అమ్మ పేరు మీదకైతే నాకు పెద్ద అభ్యంతరం లేదు. అయినా ఆరెకరాలూ ఒకేసారి వద్దు. ముందు అప్పు సంగతి అడగండి. అది తెలియకుండా పట్టా గురించి మాట్లాడుకోవడం దండగ.

సాగర్_ఎడమకాల్వ:
రాత్రి అడిగాను సార్. చానా సేపు మాట్లాడలేదు. పంట లోన్ కాక బయట మూడు లక్షలు ఉందట, రెండు రూపాయల మిత్తి. చెల్లె పెళ్లికి తెచ్చింది. అసలు అట్లనే ఉంది, ఏటా మిత్తి కడుతున్నాడు.

పాత_క్యాషియర్ (నల్లగొండ):
నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. ఎకరానికి ఏడాదికి 12 వేల లెక్కన మీ ఆరెకరాలకు రైతు భరోసా కూడా సరిగ్గా 72 వేలే. ప్రభుత్వం వేసింది వేసినట్టు మీ ఊరి షావుకారు ఇంటికి పోతోంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఆ బాకీ తెంచేయండి, వడ్డీ ఇందులో సగం లోపే పడుతుంది. మీరు నెలనెలా పంపేది ఖర్చులకని పంపకుండా ఆ బంగారం లోన్‌కే నేరుగా కట్టండి.

పాలమూరోడు:
అద్గదీ! బాకీ కొడుకు కట్టాలి, పేరు మాత్రం కొడుక్కు వద్దు.

పాత_క్యాషియర్ (నల్లగొండ):
చెల్లె పెళ్లి బాకీ అన్న కడితే దానికి బదులు భూమి రాయాలా? అట్లయితే ఆ ఆరెకరాలు కొన్న నాడు చెమటోడ్చినవాడికి ఎవరేం రాశారు?

బత్తాయి_తోట:
ఇద్దరూ ఆపండి, పిల్లగాడు పరేషాన్ అవుతున్నాడు.

సాగర్_ఎడమకాల్వ:
ఇప్పటికి తేలింది ఇదీ. బాకీ నేను చూసుకుంటానన్నాను, లెక్కల నోట్‌బుక్ నాయిన నాకు చూపించాడు. అమ్మ పేరు మీద మూడెకరాలకు ఒప్పుకున్నాడు. కాకపోతే కాల్వ చివరి మడులు ఇస్తానంటాడు, బోరున్న మూడెకరాలు తన పేరు మీదే ఉండాలట. అమ్మేమో "ఇచ్చేదుంటే బోరున్నయే ఇయ్యి, నీళ్లు రాని మడులకు పాస్‌బుక్ నాకెందుకు" అంటోంది. బాబాయి ఇంటికి రావడం మానేశాడు.

సూర్యాపేట_కోడలు:
నా ఓటు అమ్మకే. భూముల రిజిస్ట్రేషన్‌కు సర్కారు పెట్టిన భూ భారతి పోర్టల్‌లో స్లాట్ బుక్ చేసే ముందు ఆ మూడెకరాల మీద పంట లోన్ తాకట్టు ఉందేమో బ్యాంకులో అడుగు తమ్ముడూ. పాస్‌బుక్ చేతికి రాగానే ఆధార్, బ్యాంకు ఖాతా పట్టుకుని అమ్మను ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరకు తీసుకెళ్లి రైతు బీమాలో నామినీ పేరు రాయించు. బీమా ఏడాది ఆగస్టు 14న మొదలవుతుంది, దానికి ముందే అయిపోతే మంచిది. నామినీ ఎవరన్నది మాత్రం అమ్మనే చెప్పనీ.