డీప్ పర్పుల్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి: మెషిన్ హెడ్‌తోనా, మేడ్ ఇన్ జపాన్‌తోనా?

పాతరికార్డు:
"ఇంగ్లండు రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్‌ని కొత్తగా వినాలి, ఏది ముందు?" అని ఎవరు అడిగినా పదిమంది ఒకేసారి "మేడ్ ఇన్ జపాన్" అంటారు. ఆ సలహా తప్పని నా వాదన. స్టూడియో ఆల్బం మెషిన్ హెడ్ ముందు, కచేరీల్లో పట్టిన జపాన్ తర్వాత. కాదనేవాళ్ళు పాటల పేర్లు పెట్టి కాదనండి, "ఆ ఊపే వేరు" లాంటి జవాబులు వద్దు.

జపాన్ ఆల్బంలో ఉన్నవి ఏడు పాటలు. అందులో నాలుగు, అంటే హైవే స్టార్, స్మోక్ ఆన్ ద వాటర్, లేజీ, స్పేస్ ట్రకిన్, మెషిన్ హెడ్ నుంచే. మెషిన్ హెడ్ 1972 మార్చిలో వచ్చింది, జపాన్ కచేరీలు అదే ఏడాది ఆగస్టులో. అసలు రూపం తెలియకుండా పెంచిన రూపం వింటే ఏది పాటో, ఏది అప్పటికప్పుడు వాయించిందో తెలియదు. స్పేస్ ట్రకిన్ స్టూడియోలో నాలుగున్నర నిమిషాలు, జపాన్‌లో 19:54. అందులో పాట మొదటి కొన్ని నిమిషాల్లోనే అయిపోతుంది. తర్వాత వచ్చేదంతా, 1968 నాటి మాండ్రేక్ రూట్ కోసం కచేరీల్లో పెంచుకుంటూ వచ్చిన వాయిద్యాల భాగాన్ని తెచ్చి దీనికి అతికించినది. కొత్తవాడికి ఇది చెప్పేదెవరు? పన్నెండో నిమిషంలో "ఇంకా అవ్వలేదా" అని ఆపేస్తాడు.

రిఫ్‌రాజా:
పాతరికార్డు గారూ, మీ లెక్క సరైనదే, దాన్నుంచి తేల్చింది సరికాదు. మెషిన్ హెడ్ కూడా లైవ్‌లా వినిపించాలనే తీసిన ఆల్బం. స్టూడియో గదుల్లో వేదిక మీది జోరు రావట్లేదనే కదా 1971 డిసెంబరులో రోలింగ్ స్టోన్స్ వాళ్ళ రికార్డింగ్ ట్రక్కు అద్దెకు తీసుకుని స్విట్జర్లాండ్‌లో మాంట్రో వెళ్ళింది! అక్కడి కేసినో హాల్లో తీద్దామనుకున్నారు. డిసెంబరు 4న ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ఆ కేసినో కాలిపోయింది. తర్వాత పెవిలియన్ అనే థియేటర్లో స్మోక్ ఆన్ ద వాటర్ వాయిద్యాల భాగం పట్టారు. ఊరంతా మోత మోగుతోందని పోలీసులు వచ్చారు. చివరికి చలికాలం ఖాళీగా ఉన్న గ్రాండ్ హోటల్ నడవాలో పరుపులు అడ్డం పెట్టుకుని మిగతా పని కానిచ్చారు. ట్రక్కు దగ్గరికి వెళ్ళి తీసింది వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుంటూ పోవాలి. అంత తిరగడం ఎందుకని వినడమే మానేసి, తమకు బాగా వచ్చిందనుకున్నదాన్ని ఉంచేసుకున్నారు.

రెండు ఆల్బంలకీ ఇంజనీరు ఒకడే, మార్టిన్ బర్చ్. కాబట్టి ఇది స్టూడియోకీ లైవ్‌కీ మధ్య పోటీ కాదు. ఒకే మనిషి చెవి, ఒకే ఐదుగురు, మధ్యలో కొన్ని నెలల కచేరీలు. ఆ నెలల్లో పాటలు పదునెక్కాయి. మరి పదునెక్కినదాన్ని వదిలి ముందుదానితో మొదలుపెట్టడం దేనికి?

నల్లడిస్క్:
అన్నా, ఇద్దరూ సగం సగం చెప్తున్రు. మేడ్ ఇన్ జపాన్ ఒక్క కచేరీ కాదు. ఆగస్టు 15, 16 ఒసాకా ఫెస్టివల్ హాల్, 17 టోక్యో బుడోకాన్. మూడు రాత్రులు ఎనిమిది ట్రాకుల టేపు మీద పట్టిన్రు. రికార్డులకు ఎక్కింది ఇట్ల: స్మోక్ ఆన్ ద వాటర్ 15 నాటిది. హైవే స్టార్, చైల్డ్ ఇన్ టైమ్, స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్, స్పేస్ ట్రకిన్ 16వి. ద మ్యూల్, లేజీ టోక్యోవి. ఓవర్‌డబ్బులు, అంటే తర్వాత స్టూడియోల వాయించి కలిపినవి, లేవని బ్యాండోళ్ళ మాట, ఒప్పుకుందాం. కానీ మూడింట్ల మంచిది ఏరుడు కూడా ఎడిటింగే గదా.

వరుస కూడా మార్చిన్రు. వేదిక మీద హైవే స్టార్ కాంగనే స్మోక్, దాని తర్వాత చైల్డ్ ఇన్ టైమ్. రికార్డు మీద చైల్డ్ రెండోది, స్మోక్ మూడోది. ఎందుకంటే లెక్క చూడున్రి: హైవే స్టార్ 6:43, చైల్డ్ 12:17, కలిపి 19 నిమిషాలు, ఎల్పీ రికార్డు ఒక వైపుకు సరిపోతది. స్మోక్ 7:36, మ్యూల్ 9:28, కలిపి 17 నిమిషాల పైన. అసలు వరుసల వేస్తే మొదటి వైపు 14 నిమిషాలే, రెండో వైపు 22కు దగ్గర పడుతది. ఒక వైపు అంత సేపు ఎక్కిస్తే గాడులు దగ్గరికి జరపాలె, శబ్దం తగ్గించాలె, లోపలి గాడులల్ల సన్నని పైస్థాయి శబ్దం పలుచబడుతది. ఆల్బం వరుస వెనుక సంగీతం కంటె ప్లాస్టిక్కే ఎక్కువ పనిచేసిందని నాకనిపిస్తది.

పాతరికార్డు:
నల్లడిస్క్ గారి లెక్క నా వాదనకే బలం. జపాన్ ఆల్బం "ఆ రాత్రి జరిగింది జరిగినట్టు" కాదు, ఏరి కూర్చినది.

ఇక చెవి సంగతి. స్మోక్ స్టూడియో రూపంలో వాయిద్యాలు ఒక్కొక్కటే లోపలికి వస్తాయి. ముందు గిటారు ఒంటరిగా, తర్వాత హై-హ్యాట్ (డ్రమ్ముల పక్కనుండే జంట తాళాలు), అరిచే ఆర్గన్, తర్వాత మిగతా డ్రమ్ములు, ఆపైన బేస్, అప్పుడు గొంతు. జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ని దానికి మామూలుగా వాడే లెస్లీ స్పీకర్‌తో సరిపెట్టకుండా గిటారుకు వాడే మార్షల్ ఆంప్‌లోకి పంపేవాడు. అందుకే అది రెండో గిటారులా కరుస్తుంది. ఏది గిటారు, ఏది ఆర్గన్ అనేది ఈ పాట మొదటి నిమిషంలో పట్టుకున్నవాడికి జపాన్‌లో రెండూ కలబడినప్పుడు కూడా తెలుస్తుంది. పట్టుకోనివాడు అంతా గిటారే అనుకుంటాడు. స్టూడియో ముందు అనేది ఇందుకు.

రిఫ్‌రాజా:
ఇది ఒప్పుకుంటాను, ఒక్క స్మోక్ వరకు. దానికి ఇంకోటి కలపండి: గిటారిస్టు బ్లాక్‌మోర్ ఆ రిఫ్‌ని, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ గిటారు వరుసని, పిక్‌తో (తీగలు మీటే బిళ్ళతో) కొట్టడు. రెండేసి తీగలు వేళ్ళతో ఒకేసారి లాగుతాడు, అవి నాలుగో స్వరాంతరంలో జంటగా పోతాయి. పిక్‌తో పైనుంచి కిందికి కొడితే రెండు తీగలు ఒకదాని వెనక ఒకటి మోగి మొద్దుగా వస్తుంది. నేర్చుకునేవాళ్ళు తొంభైపాళ్ళు అక్కడే తప్పుతారు.

కానీ హైవే స్టార్ చూడండి. స్టూడియోలో గిటారు సోలోని రెండు గిటార్లు జోడించి కట్టారు. వేదిక మీద ఉన్నది ఒక్క గిటారు. ఆ జోడీ లేని లోటును మోయాల్సింది గ్లోవర్ బేస్, పేస్ డ్రమ్ములు. జపాన్‌లో మోశారు. చైల్డ్ ఇన్ టైమ్ మెషిన్ హెడ్‌లో లేనే లేదు, 1970 ఇన్ రాక్‌ది. స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్ సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వచ్చిన పాట. ద మ్యూల్ 1971 ఫైర్‌బాల్‌ది. అంటే జపాన్ ఒక్కటి కొంటే మూడేళ్ళ పని చేతికొస్తుంది, మెషిన్ హెడ్ కొంటే 38 నిమిషాల లోపు ఒక్క ఆల్బం. ఇంకో సాక్ష్యం: 1973లో అమెరికాలో స్మోక్ సింగిల్ వేసినప్పుడు ఒకవైపు స్టూడియో రూపం, రెండోవైపు జపాన్ రూపం పెట్టారు. అక్కడి పాటల పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. అంతకుముందు కంపెనీ నమ్ముకున్న సింగిల్ నెవర్ బిఫోర్. దాన్ని ఇప్పుడు ఎవరు వింటున్నారు!

హామండ్‌పిచ్చోడు:
చైల్డ్ ఇన్ టైమ్ మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కమాట. ఆ మొదటి ఆర్గన్ వరుస ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అనే శాన్ ఫ్రాన్సిస్కో బ్యాండ్ 1969లో వేసిన బాంబే కాలింగ్ నుంచి వచ్చింది. వాళ్ళు తిరిగి పర్పుల్ వాళ్ళ రింగ్ దట్ నెక్ తీసుకుని తమ పాట ఒకటి చేసుకున్నారు. చెల్లుకు చెల్లు.

అసలు చర్చకు వస్తే, ఈ పాటకు జపాన్ రూపమే ముందు వినాలి. స్టూడియోది పది నిమిషాల పైన, జపాన్‌ది పన్నెండు, నిడివిలో పెద్ద తేడా లేదు. తేడా అంతా శబ్దం ఎత్తుపల్లాల్లో ఉంది. మొదట్లో గిలన్ గొంతు ఎంత తక్కువలో ఉంటుందో, అరుపులు మొదలయ్యాక ఎక్కడికి పోతుందో, ఆ దూరం హాలులోనే పూర్తిగా తెలుస్తుంది. ఫోన్ స్పీకర్లో ఇది వినకండి. మొదలు వినపడక సౌండ్ పెంచుతారు, నాలుగు నిమిషాలు తిరక్కముందే చెవులు పగులుతాయి.

కొత్తశ్రోత:
అందరికీ నమస్కారం. మీ గొడవ చదివి రెండూ విందామని యాప్ తెరిచాను. మేడ్ ఇన్ జపాన్ పేరుతోనే నాలుగైదు కనిపిస్తున్నాయి, లైవ్ ఇన్ జపాన్ అని ఇంకోటి. ఏది నొక్కాలండీ? ఇంకో సంగతి, పాటకీ పాటకీ మధ్య చప్పట్లు తెగిపోతున్నాయి.

హామండ్‌పిచ్చోడు:
ముందు చప్పట్ల సంగతి. సెట్టింగ్స్‌లో మూడు చూడండి. క్రాస్‌ఫేడ్ ఆపెయ్యండి. అది ఒక పాట చివరనీ తర్వాతి పాట మొదలునీ ఒకదానిమీద ఒకటి వేస్తుంది. గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రానివ్వనిది) ఉంటే పెట్టండి. వాల్యూమ్ సర్దుబాటు పాటవారీగా కాకుండా ఆల్బంవారీగా ఉండాలి. పాటవారీగా ఉంటే ప్రతి పాటనీ ఒకే ఎత్తుకు తెస్తుంది. ఆగకుండా సాగే జనఘోష పాట మారినచోట ఒక్కసారిగా పెరగడమో తగ్గడమో జరుగుతుంది. షఫుల్‌లో వింటే కూడా ఇదే తంటా. తక్కువ బిట్‌రేట్ వద్దు. చప్పట్లు, డ్రమ్ముల సింబల్స్ రెండూ ఒక శ్రుతి లేని శబ్దాలు, 128 కేబీపీఎస్‌లో కుదిస్తే ముందు చెడేవి అవే, నీళ్ళలోంచి వినిపించినట్టు సుడులు తిరుగుతాయి.

ఇక ఏది నొక్కాలంటే, ఏడే పాటలుండి దాదాపు 77 నిమిషాలున్నది అసలు ఆల్బం. 1998 కూర్పులో రెండో డిస్కు మీద బ్లాక్ నైట్, స్పీడ్ కింగ్, లూసిల్ ఉంటాయి, అవి కచేరీ చివర జనం అడిగితే వాయించినవి. 1993లో లైవ్ ఇన్ జపాన్ పేరుతో మూడు సీడీల్లో మూడు రాత్రులూ దాదాపు పూర్తిగా కొత్త మిక్స్‌తో (వాయిద్యాల పాళ్ళు మళ్ళీ సరిచూసి కలిపి) వచ్చాయి. 1972లో జపాన్‌లో వేసిన అసలు రికార్డు పేరు కూడా లైవ్ ఇన్ జపానే, పాత డిస్కులు కొనేవాళ్ళు ఆ రెండింటినీ కలిపెయ్యకండి. 2014 కూర్పులో మూడు రాత్రులూ పూర్తిగా ఉన్నాయి. మొదటిసారికి ఏడు పాటలది చాలు.

నల్లడిస్క్:
మెషిన్ హెడ్‌కు కూడా గిదే తిప్పలున్నది. 1997ల రెండు డిస్కులు వచ్చినయి, ఒకటి పాత మిక్స్‌నే కొత్తగ సాఫు చేసిన రీమాస్టర్, రెండోది రోజర్ గ్లోవర్ కొత్త మిక్స్. గ్లోవర్ దాంట్ల పాటల చివర్లు ఎక్కువ సేపు నడుస్తయి. 2024ల ఇంకో మిక్స్ వచ్చింది, చేసింది డ్వీజిల్ జప్పా. అంటే కేసినో తగలబడ్డ కచేరీ ఎవరిదో ఆయన కొడుకు! ముందు పాత మిక్సే వినున్రి.

రెండిటినీ పోల్చేముందు సౌండ్ సమానం చెయ్యున్రి, లేకుంటె పోలిక దండుగ. ఒక డెసిబెల్ ఎక్కువున్నా గదే మంచిగున్నట్టు అనిపిస్తది. కొత్త రీమాస్టర్లు చానా మటుకు పాతవాటికంటె గట్టిగ ఉంటయి. రెండింట్ల ఒకే చరణం పెట్టి, గట్టిగున్నదాన్ని తగ్గించుకుంట గొంతు ఒకే ఎత్తుల వినపడేదాక రావాలె. డ్రమ్ములు చూసి కొలవద్దు. శబ్దం ఎత్తుపల్లాలు కుదించిన మాస్టర్ల డ్రమ్ము దెబ్బ చిన్నగైతది, గొంతు పెద్దగైతది, లెక్క తప్పుతది.

రిఫ్‌రాజా:
ఇన్ రాక్, ఫైర్‌బాల్‌లతో ఇంకో చిక్కుంది. ఫైర్‌బాల్ ఇంగ్లండు కూర్పులో డీమన్స్ ఐ ఉంటుంది, అమెరికా కూర్పులో దాని చోట స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్. 25 ఏళ్ళు నిండిన సందర్భంగా వేసిన కూర్పు తీసుకుంటే రెండూ దొరుకుతాయి. ఇన్ రాక్ అమెరికా కూర్పులో స్పీడ్ కింగ్ మొదట్లోని రభసంతా కోసేశారు. నిడివి ఆరు నిమిషాలకు దగ్గరగా ఉంటే ఇంగ్లండుది, నాలుగు నిమిషాల పైచిలుకైతే కోసినది. కోసినది వినకండి, ఆ రభస ఆగి ఆర్గన్ మెత్తగా మొదలవ్వడమే ఆ పాటలో సగం రుచి.

పాతరికార్డు:
సరే, నా మాట కొంచెం మారుస్తాను. ఆల్బం తర్వాత ఆల్బం కాదు, పాట తర్వాత పాట. కొత్తశ్రోత గారూ, ఇలా చెయ్యండి: స్మోక్ స్టూడియోది, వెంటనే జపాన్‌ది. లేజీ కూడా అలాగే, స్టూడియోలో ఏడు నిమిషాల పైన, అక్కడ 10:27. లైవ్ లేజీలో బ్లాక్‌మోర్ మధ్యలో స్వీడన్ స్వరకర్త ఆల్వేన్ రాసిన స్వీడిష్ రాప్సడీ ముక్క ఒకటి దూరుస్తాడు, స్టూడియోది తెలిస్తేనే అది బయటిదని పట్టుకుంటారు. హైవే స్టార్ కూడా ఇదే వరుసలో. చైల్డ్‌కి మాత్రం హామండ్‌పిచ్చోడు గారి మాట వినండి. స్పేస్ ట్రకిన్ అన్నిటికన్నా ఆఖర్న. మొత్తం ఆల్బం ఒకే బిగిన వినేది ఆ తర్వాతే.

కానీ మెషిన్ హెడ్‌లో పిక్చర్స్ ఆఫ్ హోమ్ ఉంది, జపాన్‌లో లేదు. గ్లోవర్ బేస్ ఒంటరిగా మాట్లాడేది అక్కడే. జపాన్ ఒక్కటే చాలన్నవాళ్ళు దానికి సమాధానం చెప్పాలి.

రిఫ్‌రాజా:
పిక్చర్స్ ఆఫ్ హోమ్‌కి నా దగ్గర సమాధానం లేదు, అది మీదే. మేబీ అయామ్ ఎ లియో మాత్రం మీరు ఉంచుకోండి, నాకొద్దు.

కొత్తశ్రోత:
ధన్యవాదాలండీ అందరికీ. ఆఖరి ప్రశ్న, ద మ్యూల్‌లో డ్రమ్ములు ఒక్కటే ఆరేడు నిమిషాలు మోగుతున్నాయి. దాటెయ్యొచ్చా?

హామండ్‌పిచ్చోడు:
మొదటిసారి దాటెయ్యండి, ఎవరూ కేసు పెట్టరు.

నల్లడిస్క్:
దాటకున్రి. స్నేర్ డ్రమ్ము మీద చెయ్యి ఎట్ల తిరుగుతదో వినున్రి, పేస్ ఎడమచేతి వాటం మనిషి. గది పట్టుకుంటె హైవే స్టార్ల డ్రమ్ములు మళ్ళ వేరేగ వినపడతయి.